పెద్దల బాకీ

(మన సొసైటీ వార్షికోత్సవ సభలో, కర్నూలులో, చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి "మన పూర్వీకుల గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను జీవితమంతా బడిపిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. నాలుగు మాటలతో ఆపడం నాకు చేతకాదు. అయినా పిల్లల ఆకలి గుర్తుపెట్టుకుని మాట్లాడతానని మొదటే హామీ ఇస్తున్నాను.

ప్రతి ఏడూ మనం ఈ సభ జరుపుకుంటున్నాం. ఖురాన్ పారాయణంతో మొదలుపెడతాం, గతించిన పెద్దలకు దువా చేస్తాం, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు షీల్డులు ఇస్తాం, సావనీరు అచ్చు వేస్తాం. ఇవన్నీ మంచి పనులే, కాదనను. కానీ ఆ దువాలో మనం తలుచుకునే పెద్దలు ఎవరు? వారి పేర్లు మనకు ఎన్ని తెలుసు? ఇక్కడున్న యావన్మందినీ ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు మనసులోనే చెప్పుకోండి. మీ తాతగారి తాతగారి పేరేమిటి? ఆయన భార్య పేరేమిటి? ఆయన ఏ పని చేసి పిల్లలను సాకారు?

నేను నవ్వులాటకు అడగడం లేదు. మా మనవరాలు ఎనిమిదో తరగతిలో ఉండగా బళ్ళో "మీ కుటుంబ చరిత్ర రాసుకు రండి" అన్నారట. ఆ పిల్ల కాగితం కలం పట్టుకుని నా ముందు కూర్చుంది. నాలుగో తరం దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. ముప్పై నాలుగేళ్ళు ఊరివాళ్ళ పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి, నా ఇంటి చరిత్ర దగ్గర నోరు మూసుకున్నాను. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. "పోనీలే దాదా, ఖాళీ వదిలేస్తాను" అంది. ఆ ఖాళీ గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది.

మన పాఠ్యపుస్తకాల్లో ముస్లిం అనేవాడు ఎక్కడ కనిపిస్తాడు? కోట ముట్టడించిన సుల్తానుగానో, కోట కట్టిన నవాబుగానో కనిపిస్తాడు. ఆ తర్వాత కనిపించడు. దూది ఏకినవాడు, జట్కా తోలినవాడు, కచేరీలో దస్త్రాలు మోసినవాడు, వీధిబడిలో అలీఫ్ బే తోపాటు ఓనమాలు కూడా దిద్దించినవాడు, వీళ్ళెవరూ పుస్తకాలకెక్కలేదు. మన పెద్దల్లో నూటికి తొంభైతొమ్మిది మంది వీళ్ళే. నవాబులు ఒకరో ఇద్దరో.

అయితే ఈ తెలుగు నేలమీద మన అడుగుజాడలు లేవా అంటే, నాలుక మీదే ఉన్నాయి. జిల్లా అంటున్నాం, తహసీల్దారు అంటున్నాం, దస్తావేజు, ఇనాము, వకీలు, రాజీనామా, జమాబందీ అంటున్నాం. పొలం దున్నేవాణ్ణి రైతు అంటున్నాం. ఇవన్నీ అరబ్బీ నుంచో ఫారసీ నుంచో వచ్చి, ఉర్దూ గుండా తెలుగులోకి దిగి, మా మాటలు కావు అని ఎవరూ అనలేనంతగా తెలుగైపోయినవే. రైతు అనే మాట లేని తెలుగును ఒక్కసారి ఊహించుకోండి! ఆ మాటలు వాటంతట అవి రాలేదు, మనుషులు తెచ్చారు. కచేరీల్లో, సంతల్లో, పొలం గట్ల మీద పక్కపక్కన కూర్చుని పనిచేసిన మనుషులు తెచ్చారు.

రాకపోకలు ఒకవైపే జరగలేదు. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 వరకు రాజ్యం చేశాడు. తెలుగు కవులు ఆయన్ను ప్రేమగా మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ రోజుల్లోనే పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృత పదం కలవకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. అచ్చ తెలుగు తొలి కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్ సాహెబు! ఈ సంగతి మన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? కుతుబ్‌షాహీల ఫర్మానులు కొన్ని ఫారసీతోపాటు తెలుగులోనూ రాసి ఇచ్చారు. తమ హుకుం జనానికి అర్థం కావాలని వారికి అంత పట్టింపు ఉండేది.

ఇక మన ఊరి సంగతి. హంద్రీ ఒడ్డున గుమ్మటాలున్న ఆ పెద్ద సమాధిని మీరంతా చూసే ఉంటారు. అది బిజాపూరు సుల్తానుల తరఫున ఇక్కడ పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్‌ది. పదిహేడో శతాబ్దం నాటిది. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కూడా ఆ శతాబ్దపుదే. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న నెపం మీద 1839లో కుంపిణీ సైన్యం వచ్చి కోట పట్టుకుంది, నవాబును తిరుచిరాపల్లికి పంపించింది. మరుసటి సంవత్సరమే ఆయన అక్కడ హత్యకు గురయ్యాడు. తన ఊరి మట్టి ఆయనకు దక్కలేదు.

స్వాతంత్ర్యం కోసం పడిన పాట్లలో మనవారి పేర్లు వెతికితే దొరుకుతాయి. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిషు రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించినవారు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. తుర్రేబాజ్ ఖాన్ దొరికిపోయాడు, తప్పించుకున్నాడు, చివరికి తూప్రాను దగ్గర ప్రాణం వదిలాడు. మౌల్వీ సాహెబును అండమాను పంపారు. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషా కవిగారు ఒకవైపు పద్యాలూ నాటకాలూ రాశారు, ఉమర్ ఖయ్యాంను ఫారసీ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చారు, మరోవైపు ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యులుగా కూర్చున్నారు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నడివీధిలో ఆయన్ను నరికి చంపారు. రాసిన చేతిని నరికారు. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్లవాడు. అతని మీద కత్తి ఎత్తినవారు కూడా మన పేర్లు పెట్టుకున్నవారే. ఈ మాట దాచకూడదు. తప్పును దాచి గొప్పను చాటితే అది చరిత్ర అనిపించుకోదు, పెళ్ళిచూపుల్లో చెప్పే మాటలవుతుంది.

మన ఊళ్ళో సంస్థ కట్టినవారిని తలవాలంటే అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరు ముందు చెప్పాలి. మద్రాసులో పెద్ద చదువులు చదివి, పెద్ద పదవులు చేసి, ఆ గౌరవంతో హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. ఆయన తన ఊరిని మరవలేదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టించారు. అప్పటికి ఈ ఊరు రాజధాని అవుతుందని ఎవరూ కలగనలేదు. రాయలసీమ బీదపిల్లలు డిగ్రీ చదవాలంటే ఊరు దాటిపోవలసిన రోజులవి. ఆ కాలేజీ మెట్లెక్కినవారు ఒక్క ముస్లిములే కాదు, అన్ని కులాల, అన్ని మతాల పిల్లలూ ఎక్కారు. నేనూ ఎక్కాను. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఒక మనిషి ఒక పని చేస్తే, దాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టుకుంటే, డెబ్బై ఏళ్ళ తర్వాతైనా దాని ఫలితం కనిపిస్తుందనడానికి ఇది నిదర్శనం.

సోదరులారా, ఇక్కడి నుంచి నా సొంత ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు. మన్నించాలి.

నేను పుట్టింది 1948లో. ఇంటి గడప మారకుండానే మూడు రాష్ట్రాలు చూశాను. పుట్టినప్పుడు మాది మద్రాసు రాష్ట్రం. పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ ఆంధ్రప్రదేశ్ కూడా 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలైంది.

ఆంధ్ర రాష్ట్రానికి మన కర్నూలు రాజధాని. సరిగ్గా ముప్పై ఏడు నెలలు. ఆనాటి ప్రారంభోత్సవానికి నెహ్రూగారు వచ్చారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, త్రివేదిగారు గవర్నరు. పదకొండు జిల్లాలు, బళ్ళారి నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిసిన రాష్ట్రం. ఆ రాష్ట్రాన్ని నడపడానికి కావలసిన భవనాలు ఈ ఊళ్ళో లేవు. అందుకే కచేరీలు డేరాల్లో పెట్టారు. డేరాల కింద బల్లలు, బల్లల మీద దస్త్రాలు, దస్త్రాలు ఎగిరిపోకుండా పైన రాళ్ళు. ఇవాళ మనం ఆటోవాడికి "ఎ క్యాంపు పోవాలి, సి క్యాంపు పోవాలి" అని చెబుతున్నాం చూడండి, ఆ క్యాంపులన్నీ ఆ రోజుల నాటివే. ఊరి పేటల పేర్లలోనే రాష్ట్ర చరిత్ర ఉంది.

మా అబ్బా కలెక్టరు కచేరీలో బిళ్ళబంట్రోతు. ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ, తలపాగా. చదువు తక్కువే అయినా ఉర్దూ చక్కగా రాసేవారు, తెలుగు చదవగలిగేవారు. రాజధాని వచ్చినప్పుడు ఆయన్ను డేరాల్లో పనికి వేశారు. మద్రాసు నుంచి వచ్చిన కాగితాల మూటలు దించడం, ఏ మూట ఏ డేరాకో చూసి చేర్చడం ఆయన పని. వాన వస్తే ముందు దస్త్రాల మీద టార్పాలిన్ కప్పి, ఆ తర్వాతే తాము చెట్టు కిందికి పోయేవారట. "మనం తడిస్తే ఆరతాం, కాగితం తడిస్తే ఆరదు" అనేవారు. చిన్నప్పుడు ఈ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టేది. తర్వాత అదే మాట నన్ను ఏడిపించింది. ఎందుకో చెబుతాను.

ఆ రోజుల్లో ఊరికి వచ్చిపడిన గుమాస్తాలకు ఇళ్ళు లేవు. మా ఇంట్లో ముందు గది ఒకటి, వెనక వసారా ఒకటి. అమ్మీ పట్టుబట్టి ముందు గదిని గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక గుమాస్తా కుటుంబానికి ఇప్పించింది. ఆ ఇల్లాలు బ్రాహ్మణుల ఆడబడుచు, అమ్మీకి ఇంచుమించు ఈడు. మొదట్లో ఇద్దరి మధ్యా ఒక గోనెసంచీ తెర ఉండేదట. పొయ్యిలు వేరు, నీళ్ళ బిందెలు వేరు, మాటలూ అంతంత మాత్రమే. ఆర్నెల్లకు ఆ తెర పోయింది. పొయ్యిలు మాత్రం చివరిదాకా వేరే, ఎవరి ఆచారం వారిది, కానీ పలక ఒకటే అయింది. ఆమె మా అమ్మీకి తెలుగు అక్షరాలు దిద్దించింది. అమ్మీ ఆమెకు కుట్టుపని నేర్పింది. నాకు ఓనమాలు వచ్చింది బళ్ళో కాదు, ఆ ముందు గదిలోనే, ఆ తల్లి ఒళ్ళోనే.

1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. దస్త్రాలు మళ్ళీ మూటలయ్యాయి. గుమాస్తా కుటుంబమూ సామాను సర్దుకుంది. పోయేముందు ఆమె అమ్మీ చేతిలో ఒక ఇత్తడి చెంబు పెట్టింది. దాని మెడ చుట్టూ ఆమె పేరు, పెళ్ళినాటి తేదీ చెక్కి ఉన్నాయి. పెళ్ళిలో పెట్టిన సామాను మీద పేర్లు కొట్టించడం మన తెలుగువారి వాడుకే కదా. ఆ చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మా అబ్బా ఆ ముప్పై ఏడు నెలల సంగతులు ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకున్నారు. ఏ రోజు ఏ డేరా లేచింది, ఏ మూట ఎక్కడికి పోయింది, ఏ దొర ఏమన్నాడు, బియ్యం ధర ఎంత, ఎవరింట్లో ఎవరు అద్దెకు దిగారు, అన్నీ ఉర్దూలో. పెద్దపెద్దవాళ్ళు రాసిన ఆత్మకథల్లో ఆ సంగతులు దొరకవు. డేరాకు తాడు కట్టినవాడికే ఆ తాడు ఎన్నిసార్లు తెగిందో తెలుస్తుంది. ఆయన పోతూ ఆ పుస్తకం నాకిచ్చి "తెలుగులో రాయించు, పిల్లలు చదువుకుంటారు" అన్నారు. నేను "అలాగే అబ్బా" అన్నాను.

అలాగే అన్నానుగానీ చేయలేదు. ఉద్యోగం, పిల్లల పెళ్ళిళ్ళు, ఇల్లు కట్టడం. "రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని రాద్దాం" అనుకున్నాను. 2006లో రిటైరయ్యాను. మూడేళ్ళు గడిచాయి. ట్రంకుపెట్టె మంచం కిందే ఉంది.

2009 అక్టోబరు 2. ఆ తేదీ కర్నూలువాళ్ళకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిమీద పడ్డాయి. మేము పిల్లలతో సహా పొరుగువారి మేడ మీద రాత్రంతా గడిపాం. ఎవరింటి మేడో, ఏ మతమో ఆ రాత్రి ఎవరూ అడగలేదు. నీళ్ళు తీశాక ఇంటికి వచ్చి చూస్తే మోకాలి లోతు బురద. ట్రంకుపెట్టె మూత తీశాను. పుస్తకం ముద్దైపోయింది. పేజీ విప్పబోతే చేతికి అంటుకుని వచ్చింది. సిరా అంతా కలిసి నీలిరంగు నీళ్ళైపోయింది. "మనం తడిస్తే ఆరతాం, కాగితం తడిస్తే ఆరదు." ఆ మాట అప్పుడు గుర్తుకొచ్చింది. వరద మీద నెపం పెట్టవచ్చు. కానీ వరద ఒక్క రోజు వచ్చింది, నేను మూడేళ్ళు ఊరకే కూర్చున్నాను. ఆ మూడేళ్ళలో రోజుకొక్క పేజీ రాసి ఉంటే మొత్తం అయిపోయేది.

ఆ బురదలోనే ఇత్తడి చెంబు దొరికింది. కడిగితే పేరు స్పష్టంగా కనిపించింది. మా ఇంట్లో మూడేళ్ళు ఉండి పోయిన ఆ తల్లి పేరు నిలిచింది. మా అమ్మీ పేరు మాత్రం ఏ గిన్నె మీదా లేదు, ఏ కాగితం మీదా లేదు. రేషన్ కార్డు మీద కూడా ఫలానావారి భార్య అనే ఉండేది. ఆమె పేరు ఇవాళ తెలిసినవాళ్ళం నేనూ మా చెల్లెలూ, ఇద్దరమే.

సోదర సోదరీమణులారా, నా ఏడుపు మీకు వినిపించడానికి ఇదంతా చెప్పలేదు. ఇంకా తడవని పెట్టెలు మీ మంచాల కింద ఉన్నాయి కనుక చెప్పాను.

ఖురాన్ షరీఫులో అన్నిటికంటే పొడుగైన ఆయత్ ఏ విషయం మీదో తెలుసా? సూరె బఖరాలో, అప్పు గురించి. ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అని మనకు ఆజ్ఞ. రూపాయి బాకీకే ఇంత కట్టుదిట్టం చేసిన దీన్ మనది. మరి మన పెద్దలకు మనం పడిన బాకీ ఎక్కడ రాసుకున్నాం? వారు తవ్విన బావి నీళ్ళు తాగాం, కట్టిన మసీదులో నమాజు చేశాం, పెట్టిన కాలేజీలో చదువుకున్నాం. ఈ బాకీకి కాగితం లేదు.

రాయడం ఎలాగో కూడా మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. హదీసు పండితులు ఏం చేశారు? ఒక మాట వింటే, నీకెవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు, ఆయన నిజాయితీపరుడేనా, వారిద్దరూ కలుసుకున్నారా, ఇవన్నీ ఆరా తీశాకే పుస్తకంలో చేర్చారు. ఇమాం బుఖారీ పడిన శ్రమంతా అదే కదా. ఆ గొలుసును సనదు అన్నారు. మన తెలుగులోనూ సనదు అంటే సర్కారు ఇచ్చిన పత్రం. నోటిమాటకైనా, భూమికైనా సనదు కావాలి. మన కుటుంబాల కథలకూ అదే పద్ధతి పెట్టుకుందాం. "మా తాత నవాబు దగ్గర దివాను" అని ఊరికే రాయవద్దు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, కాగితం ఏదైనా ఉందో రాద్దాం. దివాను కాకపోయినా నష్టం లేదు. దివాను గారి గుర్రానికి గడ్డి వేసినా ఆయన మన పెద్దే.

ఊళ్ళ సంగతులు ఇలా అడిగి రాయించుకున్న పని ఈ నేల మీద ఒకసారి జరిగింది. రెండువందల ఏళ్ళ కిందట మెకంజీ అనే కుంపిణీ అధికారి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగించి సంగతులు రాయించాడు. వాటికి కైఫీయతులని పేరు. కైఫీయతు అన్న మాట కూడా మన ఉర్దూ నుంచే పోయింది! మాట మనది, పని మాత్రం ఎవరో వచ్చి చేయవలసి వచ్చింది. మన కాలంలో సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు స్వాతంత్ర్య పోరాటంలో ముస్లింల పాత్ర మీద తెలుగులో పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. తెలుగులో రాసిన మూడువందల మందికి పైగా ముస్లిం కవులనూ రచయితలనూ వెతికి "అక్షర శిల్పులు" అనే పుస్తకంలో పరిచయం చేశారు. ఒక్కరు పూనుకుంటే ఇంత జరిగింది. ఒక సొసైటీ పూనుకుంటే ఎంత జరగాలి?

కనుక మన సొసైటీ ముందు కొన్ని పనులు పెడుతున్నాను. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది. డెబ్బై ఏళ్ళు దాటిన ప్రతి పెద్దమనిషి దగ్గరా, ముఖ్యంగా మన ఇళ్ళలోని నానీ, దాదీల దగ్గరా, ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టాలి. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోను ఉంది, అందులో గొంతు రికార్డవుతుంది. పిల్లలు దాంతో ఆడుకునే సమయంలో ఒక్క గంట చాలు. ఆడవాళ్ళను ముందు అడగండి. మగవాళ్ళు ఉద్యోగాల సంగతులు చెబుతారు, ఆడవాళ్ళు మనుషుల సంగతులు చెబుతారు.

రెండోది. ఇళ్ళలో ఉన్న సనదులు, ఇనాము కాగితాలు, నిఖానామాలు, ఉత్తరాలు, ఫొటోలు. వీటిని ఎవరూ సొసైటీకి ఇచ్చేయనక్కర్లేదు. మీ పెట్టె మీ ఇంట్లోనే ఉండనీయండి, మన కుర్రవాళ్ళు వచ్చి నకలు తీసుకుంటారు. నకళ్ళు ఒకేచోట పెట్టకూడదు, రెండు ఊళ్ళలో ఉంచాలి. ఒక నది పొంగితే రెండో నకలు ఉండాలి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

మూడోది. ఖబరస్తానులోనూ పాత మసీదుల్లోనూ ఉన్న రాతిమీది అక్షరాలు. వానకు ఎండకు అరిగిపోతున్నాయి. కొన్నిచోట్ల మనమే భక్తితో ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి అక్షరాలు పూడ్చేస్తున్నాం. రంగు వేసేముందు ఫొటో తీయండి, చదవగలిగినవారి చేత చదివించండి. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు మన జిల్లాలో ఎన్నో ఊళ్ళు నీట మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. మంచి పని చేశారు. ఆ ఊళ్ళలో మన ఖబరస్తానులూ ఉండేవి. మేము అడగలేదు, ఒక్క రాతిమీది పేరు కూడా రాసి పెట్టుకోలేదు. ఎవరినీ తప్పుపట్టే హక్కు మనకు లేదు.

నాలుగోది, అన్నిటికంటే తొందరగా చేయవలసినది. ఉర్దూ, ఫారసీ చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. తాత రాసిన ఉత్తరం మనవడికి గీతల్లా కనిపిస్తోంది. వేసవి సెలవుల్లో నలభై రోజులు, పాత చేతిరాత చదవడం నేర్పుదాం. నేనూ వస్తాను, జీతం అక్కర్లేదు, టీ ఇస్తే చాలు. చదివింది తెలుగులో రాయిద్దాం. తెలుగులో రాస్తేనే మన పిల్లలూ, మన పక్కింటివాళ్ళూ ఇద్దరూ చదువుతారు. కర్నూలు చాలాకాలం మద్రాసు కింద ఉంది కనుక ఈ జిల్లా పాత దస్త్రాలు ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో వెతకాలి. దక్కను ఫారసీ కాగితాలు హైదరాబాదు తార్నాకలో ఉన్నాయి. చదువుకున్న కుర్రవాళ్ళు ఒకరిద్దరు అటు తిరిగినా మన ఖాళీలు కొన్ని నిండుతాయి.

ఒక హెచ్చరిక కూడా. ఈ పని ఎవరిమీదా పోటీకి కాదు, మేం గొప్ప అని చాటుకోవడానికీ కాదు. రాసేటప్పుడు సయ్యదులు, ఖానులతో ఆపవద్దు. దూదేకులవారు, ఫకీరులు, కసాబులు, చేపలు పట్టినవారు, మసీదు ఊడ్చినవారు, అందరూ రావాలి. మా ముందు గదిలో దిగిన ఆ తల్లివంటివారూ రావాలి. ఆమె లేకపోతే నాకు ఓనమాలు లేవు. ఆమెను వదిలేసి రాస్తే అది నా ఇంటి చరిత్ర కాదు.

వచ్చే ఏడాది సావనీరులో ప్రకటనల పేజీలు నాలుగు తగ్గినా సరే, ప్రతి కుటుంబానికి ఒక పేజీ ఇవ్వాలని అధ్యక్షులవారికి ఈ వేదిక మీదే మనవి చేస్తున్నాను. మీకు తెలిసింది నాలుగు వాక్యాలే అయితే నాలుగే రాయండి. తెలియనిచోట ఖాళీ వదలండి. నిజాయితీగా వదిలిన ఖాళీని తర్వాతివాడు ఎవడో నింపుతాడు, అబద్ధంతో నింపిన చోటును ఎవరూ బాగుచేయలేరు.

మొదటి పేజీ నేనే ఇస్తున్నాను. పోయిన నోటుబుక్కులో నాకు గుర్తున్న మేరకు రాశాను, పదకొండు పేజీలైంది. మూడువందల పేజీలకు పదకొండు. దాని మొదటి వాక్యంలో మా అమ్మీ పేరు రాశాను. నిన్న రాత్రి మా మనవరాలు దాన్ని చదివి, తన పాత బడి నోటుబుక్కు వెతికి తెచ్చి, అప్పుడు వదిలేసిన ఒక ఖాళీలో ఆ పేరు రాసుకుంది. ఇంకా మూడు ఖాళీలు మిగిలాయి.

అల్లా మన పెద్దలందరినీ, పేరు తెలిసినవారినీ తెలియనివారినీ, తన రహమతులో ఉంచుగాక. వారి బాకీ రాసుకునే బుద్ధినీ, తీర్చుకునే శక్తినీ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

 పిల్లలూ, ఇక మీ బహుమతులు. వస్సలాం.